తాబేటి ముక్కు

భగవద్గీత రెండో అధ్యాయంలో ఒక తాబేలుంది. స్థితప్రజ్ఞుడు ఎలా ఉంటాడని అర్జునుడు అడిగితే, తాబేలు తన అవయవాలను అన్ని వైపుల నుంచీ లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి లాక్కోగలిగినవాడి బుద్ధి నిలకడగా ఉంటుందని కృష్ణుడు జవాబు చెప్తాడు. యాభై ఎనిమిదో శ్లోకం. మా తాత రోజూ సాయంత్రం గీత చదివేవాడు. ఆ తాబేలును మా అన్నకు ఎన్నడూ చూపించలేదు గానీ, అక్కకూ నాకూ మాత్రం వారానికోసారైనా చూపించేవాడు. గట్టిగా నవ్వితే తాబేలు, వీధిలోకి తొంగిచూస్తే తాబేలు, రెండోసారి కూర అడిగితే తాబేలు. మగవాడు ముడుచుకుంటే స్థితప్రజ్ఞుడు, ఆడపిల్ల ముడుచుకుంటే ఒద్దిక గలది. వాళ్ళకది సాధించవలసిన యోగం, మాకు పుట్టుకతో వచ్చిన డ్యూటీ!

తరవాత నేను జంతుశాస్త్రం చదివి, తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ముప్ఫై ఏళ్ళు అదే పాఠం చెప్పాను. ఆ శ్లోకంలోని తాబేలును మాత్రం మర్చిపోలేదు. మాది పలమనేరు వైపు పల్లె. కూర్మావతారానికి గుళ్ళు చాలా అరుదు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం అందరికీ తెలుసు. మా పలమనేరు దగ్గర కూర్మాయిలో కూర్మ వరదరాజస్వామి ఉన్నాడని మా జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. దేవుడి సంగతి అలా ఉంచితే, వానలు పడ్డాక మా మెట్ట చేలల్లో, కౌండిన్య అడవి అంచుల్లో బతికున్న తాబేళ్ళు తిరిగేవి. వీపు మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకున్న మెట్ట తాబేళ్ళు. మనిషి అలికిడి కాగానే ముడుచుకునేవి. అక్కడ కదలకుండా పది నిమిషాలు కూర్చోవాలి. అప్పుడు ముందుకాళ్ళ సందులోంచి మొదట ముక్కు కొస కనిపిస్తుంది. గొంతు కింది చర్మం చిన్నగా, ఆగకుండా ఎగిరెగిరి పడుతూ ఉంటుంది.

అది ఊపిరి అనుకుంటాం. కాదు. తాబేటి పక్కటెముకలు డిప్పలో కలిసిపోయాయి, మనలాగా ఛాతీ ఉబ్బించి ఊపిరి తీయడం దానికి కుదరదు. కాళ్ళ దగ్గరి కండరాలతో, పొట్టలోని కండరాలతో ఊపిరితిత్తులను నొక్కి వదులుతూ గాలి పీలుస్తుంది. గొంతు ఆడేది ముఖ్యంగా వాసన కోసం. గాలిని ముక్కు గదుల్లోకి లాగడం, వదలడం, మళ్ళీ లాగడం. అంటే ఇంద్రియాలను వెనక్కి లాక్కున్నదని మనం ఎవరిని ఆదర్శంగా పెట్టుకున్నామో ఆ ప్రాణి, డిప్ప లోపల కూర్చుని బయటి ప్రపంచాన్ని వాసన చూస్తూనే ఉంది. వచ్చినవాడు పోయాడా, నక్క ఉందా, వాన వస్తుందా, పక్కన పండిన పండేమన్నా రాలిందా... ముడుచుకున్నంత మాత్రాన విషయాలను వదిలేసిందని ఎవరన్నారు?

డిగ్రీ పాఠంలో తాబేటికి దక్కేది ఒక పేజీ. కారపేస్, ప్లాస్ట్రాన్, పళ్ళు లేని దవడలు, కపాలంలో రంధ్రాలు లేకపోవడం. అంతా గట్టి భాగాల గురించే. ముక్కు గురించి ఒక వాక్యం ఉంటే ఉన్నట్టు. నిజానికి తాబేళ్ళలో ముక్కు లోపల వాసన పట్టే పొర రెండు భాగాలు. పైగది గాలిలో తేలే వాసనలకు, కిందిగది నీళ్ళలో కరిగిన వాసనలకు అని శాస్త్రజ్ఞుల అవగాహన. నీళ్ళలో బతికేవి ముక్కుతో నీళ్ళను లోపలికి లాగి వాసన చూస్తాయి. మనకు నీళ్ళలో ముక్కు మూసుకోవడమే తెలుసు!

2013లో చైనా మెత్తడిప్ప తాబేలు జన్యుపటం పూర్తిగా బయటికి వచ్చింది. వాసనలను పట్టే గ్రాహకాల జన్యువులు అందులో పనిచేసే స్థితిలో 1,137 ఉన్నాయని లెక్క తేలింది. మనిషికి అవి దాదాపు 400. ముక్కుకు పేరుపడ్డ కుక్కకు కూడా అన్ని లేవు. మా చెరువుల్లో బురదలో పడుకునే తాబేలు, శాస్త్రీయనామం లిస్సెమిస్ పంక్టేటా, ఆ చైనా తాబేటి కుటుంబానిదే, పినతల్లి బిడ్డ లాంటిది. చెరువు ఎండితే ఇది బురదలోకి దిగి, పైన మట్టి పెళ్ళ కట్టినా లోపల నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. మా చిన్నప్పుడు వేసవిలో చెరువు ఎండాక ఒక యానాది ఆమె వచ్చేది. చేతిలో చిన్న గునపం. నెర్రెలిచ్చిన మట్టి మీద అక్కడక్కడా వంగి, ఒక పెళ్ళ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, పారేసి, ఇంకో చోట వంగేది. మూడో చోటో నాలుగో చోటో తవ్వితే తాబేలు ఉండేది. “ఎట్ల తెలస్తాది?” అని అక్క అడిగితే “తడి వాసన వేరే, ప్రాణం ఉండే తడి వాసన వేరే పాపా” అనింది. ఆ జవాబు మించిన పాఠం నేను ఎమ్మెస్సీలో వినలేదు. కానీ ఆమెకు తెలిసినదాన్ని జ్ఞానం అని ఊళ్ళో ఎవరూ అనలేదు. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘ఆ కులపోళ్ళ బుద్ధి’. తాబేలు తినేవాళ్ళని ఆమెను ఇంటి గడప దగ్గరికి రానిచ్చేవాళ్ళు కారు, వాసనని!

ఈ ‘వాసనని’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. తిరుపతిలో అద్దె ఇల్లు వెతికినవాళ్ళకు తెలుస్తుంది. “మీరు తింటారా?” అని అడుగుతారు. ఏమి తింటారా అని అడగరు. ఎండు చేపల వాసన గోడలకు పడుతుందట. ఆ వాసన మాట వెనక ఉన్న కులం వాసన మాత్రం గోడలకు పట్టదు. అదే ఊరి కొండ మీద శుక్రవారం అభిషేకం తరవాత శ్రీవారికి పూసే పునుగు తైలం ఎక్కడిది? పునుగు పిల్లి వెనక భాగంలోని గ్రంథుల నుంచి వచ్చేది. ఒక జంతువు గ్రంథి నుంచి ఊరితే పరిమళం, ఆడదాని ఒంటి నుంచి ఊరితే మైల. ఏది సువాసనో ఏది కంపో ముక్కు ఒక్కటే తేల్చదన్నమాట.

ముక్కును కింది మెట్టు మీద కూర్చోబెట్టడం మన దగ్గర మాత్రమే జరిగిన పని కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరు మెదడు గురించి చదివిన వాళ్ళకు తెలుసు. మెదడులో మాటల చోటును గుర్తించినవాడు. ఆయనే మనిషి మెదడులో వాసన భాగం చిన్నదని చూసి, మనిషి వాసనకు బానిస కాని జంతువు, అందుకే స్వేచ్ఛ, వివేకం ఉన్నవాడు అని తీర్మానించాడు. అదే బ్రోకా 1861లో మెదళ్ళు తూచి, స్త్రీల మెదడు చిన్నదిగా ఉండడానికి శరీరం చిన్నది కావడం కొంత కారణమైతే, తెలివి తక్కువ కావడం కొంత కారణమని రాశాడు. రెండు మాటలూ ఒకే తక్కెడ మీద తూచినవి. చిన్నదైతే నీచమైనది! తరవాత ఫ్రాయిడ్ వచ్చి 1930లో అచ్చయిన పుస్తకంలో ఒక అధోజ్ఞాపికలో, మనిషి రెండు కాళ్ళ మీద నిలబడ్డాక వాసన వెనకబడి చూపు ముందుకొచ్చిందని, అంతకు ముందు స్త్రీ బహిష్టు వాసనకు ఉన్న ఆకర్షణ నిషేధంగా మారిందని ఊహించాడు. నాగరికత మొదలైన చోటు ఆడదాని వాసన నుంచి ముఖం తిప్పుకోవడమే అన్నట్టు! ‘బయట చేరిన’ మూడు రోజులూ వసారా మూల చాప మీద కూర్చున్న మాకు ఈ సిద్ధాంతం వియన్నా నుంచి రానవసరం లేదు, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది. 2017లో జాన్ మెక్‌గాన్ అనే నాడీశాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో, మనిషి ముక్కు బలహీనమన్నది పందొమ్మిదో శతాబ్దపు కట్టుకథ అని, దాని మూలం బ్రోకా దగ్గరే ఉందని వివరంగా రాశాడు. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టింది.

మన భాషలో ముక్కుకు లోటు లేదు. కోపం ముక్కు మీద ఉంటుంది, బాకీ ముక్కు పిండి వసూలు చేస్తారు, కోటేరు వేసిన ముక్కుకు కట్నం తగ్గుతుంది. హద్దు మీరిన ఆడదానికి శిక్ష కూడా ముక్కుకే, శూర్పణఖను గుర్తు చేసుకోండి. ఓల్గా ‘సమాగమం’ కథలో సీతను కలిసే శూర్పణఖ పూలతోట పెంచుతుంటుంది. ఆ కథ పాఠం చెప్పేవాళ్ళు అందం గురించి, సోదరిత్వం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం, ముక్కు కోసేసిన మనిషికి ఆ పూల వాసన తెలిసేదా అన్న ప్రశ్నే మిగిలిపోయింది. ముక్కు ఆకారం గురించి ఇన్ని మాటలున్న భాషలో, వాసన తెలియనివాళ్ళను ఏమంటారో చూడండి. చెవిటి, గుడ్డి, మూగ అని పేర్లున్నాయి. వాసన పోయినవాళ్ళకు వాడుకలో ఒక పేరే లేదు. పేరు లేని లోటును ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

ఇదంతా నేను ఆలోచించడం మొదలుపెట్టింది 2021 మే నెల తరవాత. కరోనా రెండో అల అది. పలమనేరులో మా అక్కకు వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది. వాసన మాత్రం ఒక పొద్దున పోయింది. పోవడమంటే తగ్గడం కాదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకుంటే ఒట్టి డబ్బా. వైరస్ పాడుచేసేది ఎక్కువగా వాసన పట్టే నాడీకణాలను కాదని, వాటికి ఆసరాగా ఉండే కణాలనని 2020లోనే పరిశోధకులు చూపించారు. అందుకే చాలామందికి కొన్ని వారాల్లో తిరిగి వచ్చింది. అక్కకు రాలేదు.

అక్క ముక్కు గురించి చెప్పాలి. ఆమె తొమ్మిది దాకా చదివింది. బియ్యం బస్తా మూతి విప్పగానే ముక్కిపోయిందో లేదో చెప్పేది. చెనక్కాయల్లో బూజు కంటికి కనపడకముందే పట్టేది. బెల్లం అచ్చు విరిచి వాసన చూసి, గానుగ దగ్గర పాకం ఎక్కువ ఆడిందో తక్కువ ఆడిందో చెప్పేది. సంగటి అడుగంటే ముందు ఒక వాసన వస్తుందట, అంటిన తరవాత ఇంకొకటట, మొదటిది నాకు ఈనాటికీ తెలియదు. పసిబిడ్డ మాడు వాసన చూసి “రేపటికి జొరం వస్తాది” అంటే వచ్చేది. ఆమె ఇంట్లో నలభై ఏళ్ళు ఎవరికీ తిండి వికటించలేదంటే ఆ ముక్కు వల్లే. దాన్ని వంటపని అన్నారు తప్ప నైపుణ్యం అనలేదు. యానాది ఆమెకు జరిగినదే, కాకపోతే గడప లోపల.

వాసన పోయాక అక్క తిండి మానేసింది. నోట్లో ఏది పెట్టినా మెత్తనిదో గట్టిదో తెలుస్తుంది, అంతే. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. చిత్తూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలా తేలిగ్గా నవ్వి, “అందరికీ పోయిందమ్మా, ప్రాణాలు దక్కాయి సంతోషించండి. చెత్తబండి కంపు కూడా తెలియదు కదా” అన్నాడు. చూపు పోయినవాళ్ళతో ఎవరైనా అలా అనగలరా?

అప్పుడు నాకు గుర్తొచ్చింది, మళ్ళీ తాబేలే. తాబేళ్ళకు ముక్కు కారే జబ్బు ఒకటుంది. ముక్కు మూసుకుపోయిన తాబేలు ఎదురుగా ఆకు పెట్టినా ముట్టదు. కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. అమెరికా మొహావీ ఎడారి తాబేళ్ళను పరిశీలించినవాళ్ళు, ముక్కు కారుతున్నవాటికి దాచిపెట్టిన ఆహారాన్ని వాసనతో వెతుక్కునే శక్తి తగ్గిపోతుందని గమనించారు. పెంపుడు తాబేళ్ళ వైద్యులు తాబేలు తినడం లేదంటే మొదట చూసేవాటిలో ముక్కు ఒకటి. ఒక తాబేటికి దొరికే ఆ పాటి పరీక్ష మా అక్కకు దొరకలేదు.

ఆ పరీక్ష కూడా అన్ని తాబేళ్ళకూ దొరకదులెండి. మా మెట్ట చేలల తాబేళ్ళు వాన తరవాత జత కోసం తిరుగుతాయి. ఆడది మగదానికంటే చాలా పెద్దది. మెట్ట తాబేళ్ళ వెతుకులాటలో వాసన పాత్ర పెద్దదే. ఇటలీలో హెర్మన్ తాబేళ్ళతో చేసిన పరీక్షల్లో, తమ జాతిదా కాదా, ఆడదా మగదా, ఈడుకొచ్చిందా లేదా అనేది మగవి వాసనతోనే గుర్తుపడతాయని తేలింది. (మనుషులకు ఆ శక్తి లేదు కాబట్టే కాబోలు, మా ఇళ్ళలో ఈడేరిన పిల్లను మైకు పెట్టి చాటుతారు.) అలా తిరిగేటప్పుడే అవి మనుషులకు దొరికేది. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి గోనెసంచుల్లో చెన్నైకి, బెంగళూరుకు, అక్కణ్ణుంచి సూట్‌కేసుల్లో విదేశాలకు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొనుక్కునేవాళ్ళు మన దేశంలోనూ తక్కువేం కాదు. 2015లో వచ్చిన ఒక అధ్యయనం, దేశంలో ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోయాయని అంచనా వేసింది. 2019లో అంతర్జాతీయ ఒప్పందంలో వీటి వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే మొదటి అనుబంధంలోకి చేర్చారు. 2022 చట్ట సవరణతో మన దేశంలోనూ మొదటి షెడ్యూలుకు వచ్చాయి. పేపర్లో ఫోటోలు వచ్చినప్పుడు చూస్తాను. చేతులు కట్టుకుని నిలబడేది ఎప్పుడూ సంచి మోసినవాళ్ళే. కొన్నవాళ్ళ ముఖం ఒక్కసారీ చూడలేదు.

అక్కకు తిండి కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉందని నాకు ఆగస్టు దాకా తెలియదు. గ్యాస్ గురించి భయపడుతోందేమో అనుకున్నాను. వంటగ్యాసుకు సహజంగా వాసన దాదాపు ఉండదు, లీకైతే తెలియాలని ఆ కుళ్ళు వాసనను కావాలని కలుపుతారు. అది తెలియని ముక్కుతో పొయ్యి దగ్గర నిలబడడం చిన్న విషయం కాదు. రెగ్యులేటర్ ప్రతిసారీ కట్టేయమని చెప్పాను. అక్క వింటూ వింటూ, “అది కాదు మే. మీ బావ తాగొచ్చేది నాకు తెలియడం లే” అనింది.

నలభై ఏళ్ళుగా బావ తాగి వస్తే కొడతాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ మాట్లాడని విషయం. కానీ అక్క ఆ నలభై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చిందో ఆ రోజు మొదటిసారి విన్నాను. “వీధి మలుపు తిరిగేటప్పుడే నాకు తెలిసిపోయేది. గాలి ఇట్లా తిరిగుంటే ఇంకా ముందే. కల్లు తాగితే పర్వాలేదు, నిద్రపోతాడు. బ్రాందీ అయితే నీళ్ళు కలిపినాడా లేదా అని కూడా తెలస్తా ఉండె. దాన్నిబట్టి బిడ్డల్ని ఎత్తుకోని పక్కింటికి పోయేదాన్ని, లేదంటే పెరట్లో కొట్టంలో దాంకునేదాన్ని. ఇప్పుడు ఆయప్ప నా ముందరకొచ్చి చెయ్యెత్తేదాకా నాకు తెలియడం లే.” జులైలో ఒక రాత్రి అలాగే జరిగిందట. మోచేతి మీద మచ్చ చూపించింది. అప్పటిదాకా ఆ మచ్చ పొయ్యి దగ్గర తగిలిన వాత అని అందరికీ చెప్పి ఉంది.

తాత చూపించిన తాబేలు ఇదే కదా అనిపించింది. ముడుచుకుంది, ఒద్దికగా ఉంది, నలభై ఏళ్ళు నోరెత్తలేదు. లోపల ముక్కు ఒక్క క్షణం ఆగలేదు. ఆ ఒద్దికను మెచ్చుకున్నవాళ్ళకు ఆ ముక్కు సంగతి తెలియదు. అది పోయాక మిగిలింది డిప్ప. ఆ డిప్ప దేన్నీ ఆపదు.

మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. “యాడికొస్తాను మే, ఇల్లు నా పేరు మీద ఉండాది” అంది. అది మా నాయన ఇచ్చిన స్థలంలో ఆమె పాలు అమ్మి కట్టుకున్న ఇల్లు. ఆమె ఎందుకు పోవాలి? నా దగ్గర దానికి జవాబు లేదు. కొడుకుతో మాట్లాడాను. వాడు బెంగళూరు నుంచి వచ్చి తండ్రితో ఒకరోజంతా గొడవపడి, అమ్మ గదికి లోపలి నుంచి వేసుకునే ఇనుప గడియ పెట్టించి వెళ్ళాడు.

ముక్కుకు కసరత్తు ఉందని అప్పుడు చదివాను. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు, మనసు పెట్టి చూడాలి. వాసన పట్టే నాడీకణాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి, శరీరంలో చాలా నాడీకణాలకు లేని భాగ్యం అది. నాలుగు సీసాలు కొనిచ్చాను. పేర్లు రాసి అతికించాను. అక్క వారం రోజులు చూసి ఫోన్ చేసింది. “గులాబి నాకెందుకు మే? ఎప్పుడన్నా పెట్టుకున్న్యానా? నాకు కావాల్సినవి పెట్టుకుంటా.” ఆమె పెట్టుకున్నవి: తిరగమోత మాడిన కరివేపాకు, ఎండిన చెరువు మట్టి, ముక్కిన బియ్యం, ఒక క్వార్టరు బ్రాందీ సీసా, అడుగున కాస్త మిగిలింది. “మొదట అదే రావాల నాకు” అంది.

అలా దాదాపు ఏడాది. మధ్యలో కొన్నాళ్ళు అన్నీ తప్పు వాసనలు వచ్చాయి. కాఫీ కాలిన రబ్బరులా, ఉల్లిపాయ కుళ్ళిన మాంసంలా. నాడులు మళ్ళీ అల్లుకునేటప్పుడు ఇలా తారుమారవుతాయి. ముక్కు మోసపోవడం అంత తేలిక! 2020లో అమెరికాలో లాగర్‌హెడ్ జాతి సముద్రపు తాబేళ్ళ పిల్లలు పదిహేనింటి మీద ఒక పరీక్ష చేశారు. సముద్రంలో నాని పాచి పట్టిన ప్లాస్టిక్ వాసన గాలిలో వదిలితే, తిండి వాసనకు ఎలా ముక్కు పైకెత్తుతాయో అలాగే ఎత్తాయి. శుభ్రమైన ప్లాస్టిక్‌ను పట్టించుకోలేదు. ప్లాస్టిక్ సంచిని కంటితో చూసి జెల్లీఫిష్ అనుకుని మింగుతాయని పాఠాల్లో చెప్తాం. దానికి ముక్కు చెప్పే సాక్ష్యం కూడా తోడవుతోందన్నమాట.

సముద్రపు తాబేళ్ళు మాకు కొత్త చుట్టాలు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట వైపు కొంత సముద్రతీరం మా జిల్లాలోకి వచ్చింది. ఆలివ్ రిడ్లీలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోయే తీరం. వచ్చేది ఆడవి మాత్రమే, మగవాటికి నేల మీద పనిలేదు. పుట్టిన తీరాన్ని అవి ఎలా గుర్తుపడతాయి? 1984లో దీని మీద ఒక ముచ్చటైన ప్రయోగం వచ్చింది. రిడ్లీలలోనే ఇంకో జాతి, కెంప్స్ రిడ్లీ గుడ్లను మెక్సికో నుంచి తెచ్చి టెక్సాస్‌లోని పాద్రే దీవి ఇసుకలో పొదిగించారు. పిల్లలకు నాలుగు నెలలు వచ్చాక నీటితొట్టిలో రకరకాల వాసనల అరలు పెడితే, పాద్రే దీవి ఇసుక, నీళ్ళు కలిపిన అరలో అవి ఎక్కువసేపు గడిపాయి. తరవాతి పరిశోధనలు సముద్రం మీద దారి చూపేది ముఖ్యంగా భూమి అయస్కాంత క్షేత్రమని చూపించాయి. ఒడ్డు దగ్గరపడ్డాక ముక్కు సాయం చేస్తుందేమోనన్న ఆలోచన మాత్రం పోలేదు. పురుటికి పుట్టింటికి రావడం మనం కనిపెట్టిన ఆచారం అనుకుంటాం.

తెలుగులో వాసన అంటే ముక్కుకు తెలిసేది, వెనకటి జన్మ నుంచి వదలకుండా వచ్చేది కూడా. అక్కతో ఆ మాట అంటే నవ్వింది. “ఎనకటి జన్మది ఎందుకు మే, ఈ జన్మది వస్తే చాలు.”

2022 ఆగస్టులో కరివేపాకు వచ్చింది. తరవాత చెరువు మట్టి, కొద్దిగా. సెప్టెంబరులో ఒక రాత్రి ఎనిమిదింటికి ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. “వచ్చింది మే. కల్లు కాదు, బ్రాందీ. నీళ్ళు కలపలే. ఆయప్ప ఇంకా మలుపులోనే ఉండాడు, నాకు కనపడలే.” ఫోన్ పెట్టెయ్యకుండానే గదిలోకి పోయింది. ఇనుప గడియ వేసిన చప్పుడు నాకు వినిపించింది.